జబ్బలు చరుచుకున్న పాపానికి

మా ఇంట్లో ఒక థర్మామీటర్ ఉంది. జ్వరం చూసేది కాదు, మాంసానికి గుచ్చి చూసేది. మొన్న మా అబ్బాయి దాన్ని సొరుగులోంచి తీసి అటూ ఇటూ తిప్పి చూసి, "నాన్నా, ముందు నీకు గుచ్చి చూడాల్సింది" అన్నాడు. వాడికి పద్నాలుగేళ్లు. వాడన్నదాంట్లో తప్పేమీ లేదు. రెండేళ్లలో మూడుసార్లు, మూడు వేరువేరు పద్ధతుల్లో పంది మాంసాన్ని పాడు చేసిన ఘనుణ్ణి నేను. ఒకే తప్పు మూడుసార్లు చేస్తే అలవాటని సరిపెట్టుకోవచ్చు. మూడుసార్లూ కొత్త తప్పు చెయ్యాలంటే మాత్రం కాస్త చదువుకుని ఉండాలి.

మాది గన్నవరం దగ్గర పల్లెటూరు. ఇప్పుడుండేది అమెరికాలో, నార్త్ కరోలినా రాష్ట్రంలో, కేరీ అనే ఊళ్లో. తెలుగువాళ్లకి ఇక్కడ కొదవ లేదు. పందులకీ లేదు. ఈ రాష్ట్రంలో బార్బెక్యూ అంటే చేసే పని పేరు కాదు, తినే వస్తువు పేరు. ఆ మాటకి అర్థం పంది మాంసం, అంతే. అందులోనూ రెండు వర్గాలు. తూర్పువాళ్లు పందిని మొత్తంగా నిప్పుల మీద కాల్చి, వెనిగర్‌లో మిరపకాయ కలిపిన పల్చటి పులుసు పోసుకుంటారు. లెక్సింగ్టన్ వైపువాళ్లు ముందుకాలి పైభాగం, అంటే జబ్బ మాత్రమే కాలుస్తారు. వాళ్ల పులుసులో కాస్త కెచప్ పడుతుంది. ఆ కాస్త కెచప్ మీద తరాలుగా తగువు నడుస్తోంది. పప్పుచారులో బెల్లం వెయ్యాలా వద్దా అని మన ఇళ్లల్లో జరిగే తగువుకి ఇది పెదనాన్న కొడుకు.

లెక్సింగ్టన్ మా ఇంటికి కారులో గంటన్నర. 1919లో సిడ్ వీవర్ అనే ఆయన అక్కడ కోర్టు ఎదురుగా గుడారం వేసి బార్బెక్యూ అమ్మడం మొదలుపెట్టాడని చెబుతారు. ఆ ఊరు అప్పటినుంచీ పంది జబ్బనే నమ్ముకుని బతుకుతోంది. 1984 నుంచి ఏటా అక్టోబరులో తిరునాళ్ల లాంటి పండగ కూడా చేస్తున్నారు. ఆ తిరునాళ్లకి నేను రెండుసార్లు వెళ్లాను, కడుపునిండా తిన్నాను, చొక్కా మీద పులుసు మరకలతో తిరిగొచ్చాను. వాళ్లు ఏ ముక్క కాలుస్తున్నారో, ఎందుకు ఆ ముక్కే కాలుస్తున్నారో ఒక్కసారి కూడా అడగలేదు. అడగాలంటే తెలియదని ఒప్పుకోవాలి కదా.

ఇక మొదటి ఘనకార్యం. అది క్రిస్మస్ సెలవుల రోజులు. నాలుగు తెలుగు కుటుంబాలనీ, ఆఫీసులో ఇద్దరు తెల్లవాళ్లనీ భోజనానికి పిలిచాను. మా ఆవిడ బిర్యానీ చేస్తానంది. "బిర్యానీ ఎవరింటికెళ్లినా పెడతారు, ఈసారి నేను రోస్టు చేస్తాను" అన్నాను. "మీ ఇష్టం. నా గిన్నెలు మాత్రం ముట్టుకోకండి" అంది. పద్దెనిమిదేళ్ల కాపురంలో ఆవిడ నన్ను ఆపకపోవడం ఎప్పుడూ అనుమతి కాదు, ముందస్తు సంతాపం.

కొట్లో మాంసం బల్ల ముందు నిలబడ్డాను. ఒక పక్క ఎగుడుదిగుడుగా, కొవ్వు చారలతో, మధ్యలో ఎముకతో ముద్దలాంటి ముక్క. ఇంకో పక్క నున్నగా, లేత గులాబీ రంగులో, చిత్రిక పట్టిన దుంగలా సమానంగా ఉన్న ముక్క. రెండోదాని పేరు లాయిన్. వెన్నెముకకి ఆనుకుని ఉండే కండ. చూడముచ్చటగా ఉంది, కొవ్వు లేదు, శుభ్రంగా ఉంది. నాలుగు పౌండ్లు, అంటే కిలో ఎనిమిది వందల గ్రాములది ఎత్తుకున్నాను.

చిన్నప్పుడు ఆదివారం పొద్దున్నే మా నాన్న వెంట సంచీ పట్టుకుని మాంసం కొట్టుకి వెళ్లేవాణ్ణి. నాన్న ఒక్కసారి కూడా నున్నటి ముక్క కావాలని అడగలేదు. "జబ్బా, ఛాతీ కలిపి కొట్టు. కొవ్వు తీసెయ్యకు" అనేవారు. పదేళ్లపాటు ఆ మాట విన్నాను. సంచీ మోశాను కానీ మాట మోయలేదన్నమాట.

అతిథులొచ్చేసరికి ఇనప పెనం మీద ముక్కని నాలుగువైపులా ఎర్రగా కాలుస్తున్నాను. ఎందుకలా కాలుస్తున్నావని ఒకతను అడిగాడు. "రసం బయటికి పోకుండా సీలు వేస్తున్నాను" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నా గొంతులో ఉన్న గాంభీర్యం గుర్తొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఆ సిద్ధాంతం లీబిగ్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త 1847లో చెప్పింది. అది తప్పని ఎప్పుడో తేలిపోయింది. 1984లో హెరాల్డ్ మెగీ వంట శాస్త్రం మీద రాసిన పెద్ద పుస్తకంలో దాన్ని విడమరిచి తీసిపారేశాడు. అసలు పుస్తకం దాకా వెళ్లక్కర్లేదు. పెనం మీద ముక్క చుయ్యిమంటోందంటే ఏమిటి అర్థం? రసం బయటికొచ్చి ఆవిరవుతోందని. ఒకవైపు ముక్క తన రసం పోతోందని అరుస్తుంటే, పక్కనే నిలబడి రసం పోవడం లేదని నేను ఉపన్యాసం ఇస్తున్నాను. ఎర్రగా కాల్చడం వల్ల లాభం రుచికి. 1912లో ఫ్రాన్సులో మయార్ అనే ఆయన గమనించిన చర్య అది. మాంసకృత్తులూ చక్కెరలూ వేడికి కలిసి ఆ కమ్మటి వాసననీ ఎరుపునీ ఇస్తాయి. మన వేపుడు కూర మూకుడుకి అడుగంటిన ముక్క కోసం పిల్లలు కొట్టుకునేది దాని కోసమే.

ఆ తరవాత అల్లం వెల్లుల్లి ముద్ద, మిరియాలు, రోజ్‌మెరీ ఆకు దట్టంగా పట్టించి, 350 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో, అంటే దాదాపు 177 సెల్సియస్‌లో ఓవెన్‌లోకి తోశాను. పుస్తకంలో గంటన్నర అని ఉంది. గంటంబావుకి ఫోర్కుతో గుచ్చి చూశాను. మెత్తగా లేదు. మనకి తెలిసిన శాస్త్రం ఒకటే కదా, మెత్తబడకపోతే ఇంకో మూడు విజిల్స్. ఇంకో అరగంట ఉంచాను. ఈసారి ఇంకా గట్టిగా ఉంది. ఇంకో అరగంట. ఇంకా గట్టి. నేను చెయ్యవలసిన ఆలోచన ఏమిటంటే, ఉంచేకొద్దీ గట్టిపడుతోంది కాబట్టి తియ్యాలి. నేను చేసిన ఆలోచన ఏమిటంటే, పంది బాగా ముదురు. మొత్తం రెండుంబావు గంటలయింది.

బయటికి తీసేసరికి దుంగ కాస్తా పిడకయింది. కానీ పైన చూడ్డానికి దివ్యంగా ఉంది. కొయ్యకముందే ఫోటో తీసి, మా పదో తరగతి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. 'పోర్క్ లాయిన్ రోస్ట్, రోజ్‌మెరీతో' అని కింద రాశాను. బొటనవేళ్లు టపటపా లేచాయి. ఎక్కడో ఒక మాట మాత్రం అడ్డం తగిలింది. మా ఊరివాడే, ఒకప్పుడు నా పక్క బెంచీవాడు, ఇప్పుడు కరెంటు లైన్‌మన్. "వెన్ను ముక్క ఎందుకు తెచ్చావురా? ఎండిపోద్ది. జబ్బ తేవాల్సింది" అని పెట్టాడు. చదివి, ఫోను బోర్లా పెట్టాను. రోస్టు సంగతి వీడికేం తెలుసు అనుకున్నాను. అక్షరాలా ఆ మాటే అనుకున్నాను.

ముక్క కోస్తే సుద్ద. నోట్లో పెట్టుకుంటే మా హైస్కూలు బోర్డు తుడిచే డస్టరు గుర్తొచ్చింది. ఒకావిడ చాలాసేపు నమిలి, మంచినీళ్లు తాగి, "అన్నయ్యగారూ, మసాలా మాత్రం బాగా పట్టింది" అంది. ఇంకొకాయన లేచి వెళ్లి, అడక్కుండానే మా ఫ్రిజ్ తెరిచి ఆవకాయ జాడీ పట్టుకొచ్చాడు. ఆ జాడీ బల్ల చుట్టూ రెండు ప్రదక్షిణలు చేసింది. తెల్లవాళ్లిద్దరూ ఆవకాయని మెచ్చుకుంటూ వెళ్లిపోయారు.

ఆ రాత్రి కూర్చుని చదివాను. పంది బతికినన్నాళ్లూ వెన్ను పక్క కండ పెద్దగా బరువు మోయదు. కొవ్వు తక్కువ, బిగువైన పీచు తక్కువ. మొదటినుంచీ మెత్తనిదే. దాన్ని ఉడికించి మెత్తపరచడమనే ప్రశ్నే లేదు. వేడెక్కించి, ఎండకముందే దింపుకోవాలి. అమెరికా వ్యవసాయ శాఖ ఇలాంటి పెద్ద ముక్కలకి ఒకప్పుడు 160 డిగ్రీల ఫారెన్‌హీట్ అని చెప్పేది. 2011లో దాన్ని 145కి, అంటే 63 సెల్సియస్‌కి తగ్గించింది. ఆ వేడికి చేరాక దింపి, కనీసం మూడు నిమిషాలు కదపకుండా ఉంచాలి. లోపల కాస్త గులాబీ రంగు మిగిలినా భయం లేదు. మన పెద్దవాళ్లు పంది మాంసాన్ని బాగా ఉడికించాలని పట్టుబట్టడంలో తెలివి లేకపోలేదు. మురుగులో తిరిగి పెరిగే పందులతో బద్దెపురుగు భయం నిజమైనదే, అక్కడ ఆ జాగ్రత్తే సరైనది. కానీ నా ముక్క అటువంటిది కాదు. అయినా దాన్ని జాగ్రత్త పేరుతో చంపాను, చచ్చినదాన్ని మళ్లీ.

మర్నాడే థర్మామీటర్ కొన్నాను. మనిషికి ఒక అంకె దొరికితే ఎంత ధైర్యమొస్తుందో! నూటనలభై అయిదు. ఆ అంకెని మంత్రంలా జపిస్తూ మూడు నెలలు గడిపాను.

మూడు నెలలకి కొట్లో ఇంకో ముక్క సగం ధరకి పెట్టారు. దాని పేరు బోస్టన్ బట్. మా ఆవిడ ఏ భాగమని అడిగితే, "పేరులోనే ఉంది కదా, వెనక భాగం" అని చెప్పాను. బట్ అంటే పిరుదు అని ఇంగ్లీషు తెలిసిన ఎవడైనా అంటాడు. తీరా అది ముందుకాలి పైభాగం, జబ్బలో మెడవైపు ముక్క. మొలతాడు మెడలో వేసుకున్నట్టయింది నా ఇంగ్లీషు. ఆ సంగతి బిల్లు మీదున్న చిన్నక్షరాలు చదివాక గానీ తెలియలేదు. తెలిశాక ఏమనుకున్నాను? పోన్లే, ఆ లైన్‌మన్ చెప్పిన జబ్బే కదా, వాడి మాట కూడా ఒకసారి చూద్దాం అని. ఏదో వరమిస్తున్నట్టు.

ఉప్పూ కారం పట్టించి, థర్మామీటర్ నిట్టనిలువుగా గుచ్చి, ఓవెన్ ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. 143. 144. 145. బీప్ మంది. శస్త్రచికిత్స ముగించిన డాక్టరులా ముక్కని బయటికి తీశాను. అయిదు నిమిషాలు ఆగి పల్చగా కోశాను. రసం ఉంది, రంగు ఉంది, నమలడమొక్కటే కుదరలేదు. మా అబ్బాయి ఒక ముక్క బుగ్గన పెట్టుకుని హోంవర్కు మొత్తం చేసి లేచాడు. "నాన్నా, దీన్ని మింగాలా, ఉమ్మెయ్యాలా?" అని అడిగాడు.

ఇక్కడ నా బుద్ధి ఎలాంటిదో దాచకుండా చెప్పాలి. ముక్క పాడైనందుకు బాధకంటే ముందు, లోపలెక్కడో చిన్న సంతోషం కలిగింది. జబ్బ తేవాల్సిందన్నాడుగా, తెచ్చాను, ఏమైంది? అని.

ఏమైందంటే, మందు సరైనదే, రోగమే వేరు. పంది తన ఒళ్లు మోసేది జబ్బల మీద. నడిచినా, మట్టి తవ్వినా, పోట్లాడినా పని ఆ కండలదే. పని చేసే కండని కట్టిపడెయ్యడానికి దాని నిండా కొలాజెన్ అనే గట్టి పీచు అల్లుకుని ఉంటుంది. 145 దగ్గర ఆ పీచు ఇంకా తాడులాగే ఉంటుంది. దాన్ని నిదానంగా, గంటలకొద్దీ వేడి చేస్తూ 195, 200 డిగ్రీల దాకా, అంటే 90, 93 సెల్సియస్ దాకా తీసుకెళితే కరిగి జిగురవుతుంది. కాళ్ల పులుసు తాగాక పెదవులు ఒకదానికొకటి అంటుకుంటాయే, ఆ జిగురే. రాత్రంతా పొయ్యి మీద పెట్టిన పాయాని లొట్టలేసుకుంటూ తాగి పెరిగినవాణ్ణి, మోకాలి చిప్ప విషయంలో తెలిసింది జబ్బ దగ్గర తెలియలేదు. కూర్చుని పెరిగిన కండకి క్షణంలో మర్యాద చేసి పంపాలి. బరువు మోసిన కండ దగ్గర మాత్రం మనమే ఓపిగ్గా కూర్చోవాలి. రుచంతా దాంట్లోనే ఉంటుంది.

మూడోసారికి నేను పూర్తిగా పండితుణ్ణి. మా అబ్బాయి పుట్టినరోజు, వాడి స్నేహితులు ఆరుగురొస్తున్నారు. వృత్తి సాఫ్ట్‌వేర్ కాబట్టి ఎక్సెల్ షీటు తయారు చేశాను. ఏడు పౌండ్ల జబ్బ, 250 డిగ్రీల ఓవెన్, తెల్లవారుజామున నాలుగింటికి లోపలికి, మధ్యాహ్నం ఒంటిగంటకి బల్ల మీదకి. గంటగంటకీ వేడి ఎంత పెరగాలో గడి గీసి పెట్టుకున్నాను. తొమ్మిదిన్నర దాకా ముక్క నా షీటుని చదివినట్టే నడుచుకుంది. 160 దగ్గర ఆగిపోయింది.

పది గంటలకి 160. పదిన్నరకి 161. పదకొండుకి మళ్లీ 160. థర్మామీటర్ బ్యాటరీ మార్చాను. ఇంకోచోట గుచ్చాను. ఓవెన్ పాడైందేమోనని పది నిమిషాలకోసారి తలుపు తెరిచి చెయ్యి పెట్టి చూశాను. తెరిచినప్పుడల్లా లోపలి వేడి వంటింట్లోకొచ్చి నన్ను పలకరించి పోయింది. మా ఆవిడ గుమ్మంలోంచి చూసి, "పిజ్జా చెప్పనా?" అంది. ఆ మాటకి రోషం వచ్చింది. పన్నెండింటికి మీట తిప్పి ఓవెన్‌ని 425కి పెట్టాను.

ఒంటిగంటన్నరకి బయట బొగ్గు, లోపల తాడు. మొదటి రెండు వైఫల్యాలనీ ఒకే ముక్కలో సాధించాను. పిల్లలు పిజ్జా తిన్నారు. ముందే చెప్పి ఉంచిందట.

ఆ ఆగిపోవడం ఓవెన్ జబ్బు కాదు, థర్మామీటర్ జబ్బు కాదు. పెద్ద ముక్కని సన్న సెగ మీద కప్పకుండా కాలిస్తే 150, 170 డిగ్రీల మధ్య ఎక్కడో ఆగడం సహజం. లోపలి తడి పైకొచ్చి ఆవిరవుతుంది. ఆవిరవుతూ వేడిని పట్టుకుపోతుంది. మనం ఇచ్చే వేడికీ అది పట్టుకుపోయే వేడికీ సరిపోయి, ముక్క గంటలకొద్దీ అక్కడే నిలబడుతుంది. ఎండాకాలంలో మట్టికుండలో నీళ్లు చల్లగా ఎందుకుంటాయి? హైస్కూల్లో రెండు మార్కుల ప్రశ్న. రెండుకి రెండు తెచ్చుకున్నాను. కుండలో నీళ్లు తాగినవాణ్ణి, జవాబు రాసినవాణ్ణి, మార్కులు కొట్టేసినవాణ్ణి, ఆ పని కళ్లముందు జరుగుతుంటే బ్యాటరీలు మార్చాను. ఉపాయమా, రెండే. ఓపిక పట్టడం, లేదంటే రంగొచ్చాక రేకు కాగితంతో బిగించి కప్పెయ్యడం. ఆవిరి పోయే దారి మూసేస్తే ముక్క మళ్లీ కదులుతుంది.

ఆ రాత్రి మాడిన పళ్లెం తోముతూ, కనీసం సాక్ష్యమైనా లేకుండా చేద్దామని, గ్రూపులో పెట్టిన ఆ మొదటి ఫోటో కోసం వెతికాను. చెరపడానికి ఎప్పుడో గడువు దాటిపోయిందట. ఫోటో కింద వాడి మాట అలాగే ఉంది. "ఎండిపోద్ది. జబ్బ తేవాల్సింది." దాని కింద, ఆ రోజు ఫోను బోర్లా పెట్టాక వచ్చింది కాబోలు, ఇంకో మాట ఉంది. నేనెప్పుడూ చూడనిది.

"ఫోటో అమ్మకి చూపిస్తే చెప్పమంది."

ఇక్కడిదాకా నవ్వుకుంటూ చెప్పాను. ఈ ముక్క అలా చెప్పడం రాదు.

వాళ్ల ఇల్లు ఊరి చివర, చెరువుకట్ట అవతల. ఎరుకలవాళ్ల ఇళ్లు అక్కడ ఏడెనిమిది ఉండేవి. బుట్టలల్లేవారు, పందుల్ని పెంచేవారు. ఎనిమిదో తరగతిలో ఒక శనివారం బడి వదిలాక వాడి వెంట వాళ్లింటికెళ్లాను. వాళ్లమ్మ మూడు రాళ్ల పొయ్యి ముందు కూర్చుని ఉంది. కుండలో కూర సన్నగా కుతకుతమంటోంది. ఆ వాసన బాగుందని నాకు తెలుసు. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పని సంగతి అది. ఆవిడ నన్ను చూసి, చెయ్యి కొంగుకి తుడుచుకుని, బాదం ఆకు మీద ఒక ముక్క పెట్టి, "తిను నాయనా" అంది.

నేను ముక్కు మూసుకున్నాను. వద్దని చెప్పినా సరిపోయేది. ముక్కు మూసుకుని వెనక్కి నడిచాను.

సోమవారం క్లాసులో చెప్పాను, వాళ్లింట్లో ఏం వండుకుంటారో. వాడు లోపలికొస్తుంటే ఇద్దరు ముగ్గురు గురుగురుమని శబ్దం చేశారు. మొదటిరోజు వాడు కూడా నవ్వాడు. ఆ వారంలోనే నా పక్కనుంచి లేచి వెనక బెంచీకి వెళ్లిపోయాడు. ఆ శబ్దం నేను చెయ్యలేదని ముప్ఫై ఏళ్లకి పైగా నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. నిజమే, చెయ్యలేదు. చేసేవాళ్లకి అందించాను.

మా ఇంట్లో కోడి, మేక, చేప దేనికీ అడ్డు లేదు. గన్నవరంలోనే అప్పట్లో ప్రభుత్వ బేకన్ ఫ్యాక్టరీ ఉండేది. ఆ పేరు ఎవరైనా ఎత్తితే దాంట్లో ఉద్యోగం ఎంత మంచిదో మాట్లాడుకునేవారు గానీ, ముక్కు మూసుకున్నవాళ్లని నేను చూడలేదు. సర్కారు చేస్తే బేకన్, చెరువుకట్ట అవతల వండితే ఛీ. అదే మాంసాన్ని అమెరికా కొట్లో అద్దాల బల్ల వెనకనుంచి డాలర్లు పోసి కొని, రోజ్‌మెరీ ఆకు గుచ్చి, అదే గ్రూపులో, వాడి కళ్లముందే పెట్టి జబ్బలు చరుచుకున్నాను. దానికి వాడు ఒక్క మాట ఎత్తిపొడవలేదు. ముక్క ఎండిపోతుందని చెప్పాడు. వాళ్లమ్మ చెప్పమంది కాబట్టి.

శనివారం రాత్రి ఫోన్ చేశాను. అక్కడ ఆదివారం పొద్దున్న. నాలుగు కుశల ప్రశ్నలయ్యాక, "మీ అమ్మ ఎలా వండేదిరా?" అని అడిగాను.

"ఎలా ఏముంది. చర్మం, కొవ్వు ఉన్న ముక్కే తెచ్చేది. పొద్దున్నే ఉప్పూ పసుపూ రాసి పక్కనబెట్టేది. సాయంత్రం దళసరి కుండలో ఏసి, గుప్పెడు నీళ్లు చిలకరించి మూత పెట్టేది. నూనె చుక్క ఎయ్యదు. నీళ్లు ఇంకాక కొవ్వే కరిగి నూనవుద్ది, దాంట్లోనే ఏగుద్ది."

"ఎంతసేపు?"

"అమ్మకి గడియారం ఎక్కడిదిరా? గరిటె కాడతో నొక్కి చూసేది. ఎముక వదిలేస్తే అయినట్టు. మధ్యలో ఒకసారి ముక్క బిగుసుకుంటది. తెలీనోళ్లు అప్పుడు మంట పెంచుతారు. పెంచావా?"

"పెంచాను."

"ఊఁ" అన్నాడు.

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. "ఒరే, ఎనిమిదో తరగతిలో..." అని మొదలుపెట్టాను. రాసుకున్న మాటలేవో ఉన్నాయి, అవేవీ నోటికి రాలేదు.

"గుర్తుంది" అన్నాడు. తరవాత, "గుర్తుండదా మరి" అన్నాడు. అందులో కోపం లేదు, పోనీలే అన్న ధోరణీ లేదు. కొంచెం ఆగి, "జబ్బ ఎముకతో దొరుకుద్దా మీకాడ?" అని అడిగాడు.

నాలుగోసారి ఎవర్నీ పిలవలేదు. ఎముకతో ఉన్న జబ్బ, ఆరు పౌండ్లు, మన లెక్కలో రెండు కిలోల ఏడువందలు. కిలోకి పదిహేను గ్రాముల చొప్పున నలభై గ్రాముల ఉప్పు, దానికి మిరియాలూ జీలకర్రా దంచి కలిపి, ముందు రోజు రాత్రే అన్నివైపులా రుద్ది ఫ్రిజ్‌లో మూత పెట్టకుండా ఉంచాను. రాత్రంతా ఉంటే ఉప్పు లోపలికి దిగుతుంది, పైన తడి ఆరి రంగు బాగా వస్తుంది. పొద్దున్న కొవ్వువైపు పైకి పెట్టి, పక్కన నాలుగు వెల్లుల్లిపాయలు పడేసి, 250 డిగ్రీల్లో, అంటే 121 సెల్సియస్‌లో ఓవెన్‌లోకి పెట్టాను. అయిదు గంటలకి మంచి రాగిరంగు వచ్చింది. అప్పుడు రేకు కాగితంతో బిగించి కప్పాను. ఎక్సెల్ షీటు తెరవలేదు. తలుపు కూడా తెరవలేదు. ఇంకో నాలుగు గంటలకి థర్మామీటర్ 198 చూపించింది. అయినా దాన్ని నమ్మకుండా గరిటె కాడతో నొక్కాను. దిగిపోయింది. బయట పెట్టి గంటసేపు ముట్టుకోలేదు. నా జీవితంలో అతి పొడుగైన గంట అదే.

ఎముకని రెండు వేళ్లతో పట్టుకుని లాగితే, కత్తి అవసరం లేకుండా, పెరుగులోంచి చెంచా వచ్చినట్టు ఊడొచ్చింది. పళ్లెంలో దిగిన రసం మీద కొవ్వు తేర్చి, కాస్త వెనిగర్, నలిపిన ఎండుమిరపకాయలు కలిపాను. ఈ రాష్ట్రపు తూర్పువాళ్ల పద్ధతి అది. వేడన్నంలో కలుపుకుంటే ఎవరిదో పరాయి పులుసులా అనిపించలేదు. మా ఆవిడ ఏమీ అనకుండా రెండోసారి వడ్డించుకుంది. మా అబ్బాయి థర్మామీటర్ కడిగి సొరుగులో పెట్టాడు.

ఫోటో గ్రూపులో పెట్టలేదు. వాడొక్కడికే పంపాను. అక్కడ తెల్లవారాక మూడు మెసేజీలొచ్చాయి, ఒకదాని వెనక ఒకటి.

"అమ్మకి చూపించా."

"ముక్క బానే ఉడికిందంట."

"ఈసారి ఊరొచ్చినప్పుడు ఇంటికి రమ్మంటంది. ఈసారన్నా తింటాడేమో అడగమంది."